బృహతీపత్రం, ఐర్లండ్ బ్రిజిడ్: ఈ రెండు మాటలు చుట్టాలేనా?

అందరికీ నమస్కారం. మేం డబ్లిన్‌లో ఉంటాం. ఫిబ్రవరి మొదట్లో ఇక్కడ సెయింట్ బ్రిజిడ్ పండగ, 2023 నుంచి ప్రభుత్వ సెలవు కూడా ఇస్తున్నారు. మా పాప బడి నుంచి తుంగలాంటి గడ్డితో అల్లిన శిలువ తెచ్చింది. ఈ సాధ్వి పేరు అంతకుముందు ఒక దేవతదనీ, అది మన "బృహతి" అనే మాటేననీ ఎక్కడో చదివాను. వినాయక చవితి పత్రిపూజలో "గణాధిపాయ నమః, బృహతీపత్రం పూజయామి" అంటాం కదా, ఆ బృహతేనా? లేక వాట్సాప్‌లో తిరిగే కథల్లాంటిదా? మాస్టారు చెప్తే నమ్ముతాను.

జవాబు:

అమ్మా, మాట వరకు నిజంగా చుట్టరికమే. దేవతల సంగతి తర్వాత చెప్తాను.

బృహత్ అంటే పెద్దది, ఎత్తయినది. బృహత్కథ, బృహత్తర పథకం, తంజావూరు బృహదీశ్వరాలయం, అక్కడి అమ్మవారు బృహన్నాయకి, అన్నిట్లోనూ ఉన్నది ఈ మాటే. స్త్రీలింగంలో బృహతి. దీనికి పారశీకుల ప్రాచీన మతగ్రంథమైన అవెస్తా భాషలో ఉన్న తోబుట్టువు "బెరెజైతి". పారశీకుల పవిత్ర పర్వతం "హరా బెరెజైతి". టెహ్రాన్‌కు ఉత్తరాన ఉన్న అల్బొర్జ్ కొండల పేరు దాన్నుంచే వచ్చింది. ఐరిష్ లాంటి భాషల కుటుంబమైన కెల్టిక్ వైపు వెళ్తే అదే మాట "బ్రిగంతీ". రోమన్ల కాలంలో ఉత్తర ఇంగ్లండ్‌లో బ్రిగాంటెస్ అనే పెద్ద తెగ ఉండేది. బ్రిగాంటియా అనే దేవత పేరు చెక్కిన రాళ్లు అక్కడ దొరికాయి. స్కాట్లండ్‌లోని బిరెన్స్‌లో ఆమె శిల్పమే దొరికింది, రోమన్ల దేవత మినర్వా పోలికలతో చెక్కారు. ఆస్ట్రియాలో బ్రెగెంజ్ ఊరి పాత పేరు బ్రిగాంటియమ్. ఐర్లండ్‌లో బ్రిగిత్, అంటే మీ బ్రిజిడ్.

అయితే చెవికి దగ్గరగా వినబడినంత మాత్రాన చుట్టరికం ఒప్పుకోకూడదు. ఒక ధ్వని మారిందంటే, ఆ మార్పు వేరే మాటల్లోనూ అదే వరసలో కనిపించాలి. ఇక్కడ మన హకారం ఉన్నచోట వాళ్లకు గకారం ఉంది. మన హంస పాత ఐరిష్‌లో "గేష్", అర్థం అదే. మన హిమం, హేమంతం మాటల చుట్టమే అక్కడ చలికాలానికి పేరు, ఆ పేరూ గకారంతోనే మొదలవుతుంది. ఈ భాషలన్నీ పుట్టిన మూలభాషలో ఘకారం లాంటి ధ్వని ఉండేది. అది సంస్కృతంలో హ, అవెస్తాలో జ, కెల్టిక్‌లో గ అయింది.

మరి బ్రిగంతీలో ఉన్న నకారం బృహతిలో ఏమైంది? పుంలింగంలో చూడండి: బృహన్, బృహంతౌ, బృహంతః. అక్కడ భద్రంగా ఉంది. (బృహన్నలలోని నకారాన్ని మాత్రం సాక్ష్యంగా తీసుకోవద్దు. అది "నల" పక్కన తకారం సంధిలో మారితే వచ్చింది.)

ఇక పత్రిపూజలో బృహతి అంటే వాకుడు జాతి ముళ్లమొక్క. మాట అదే, కానీ ఆ ఆకుకూ ఐర్లండ్ దేవతకూ సంబంధం లేదు.

వ్యాఖ్య: మాస్టారూ, బృహతి ఛందస్సు పేరు కూడా. ఉక్త నుంచి లెక్కపెడితే తొమ్మిదోది, పాదానికి తొమ్మిది అక్షరాలు. బ్రిజిడ్ కవిత్వానికి దేవత అంటారు. ఇది కలవడం లేదంటారా?

జవాబు:

కలిస్తే నాకూ సంతోషమే, కానీ కలవదు. 36 అక్షరాల ఛందస్సుకు "పెద్దది" అనే విశేషణం పేరైంది, అంతే. బ్రిజిడ్ కవితా దేవత అన్న సంగతి మాత్రం గట్టిదే. కోర్మాక్ అనే మన్‌స్టర్ (ఐర్లండ్ దక్షిణ ప్రాంతం) రాజు పేరు మీద ఉన్న పాత ఐరిష్ నిఘంటువులో ఆమె దగ్దా అనే దేవుడి కూతురు, కవులు కొలిచే దేవత. ఆమెకు అదే పేరుతో ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒకరు వైద్యానికి, ఒకరు కమ్మరిపనికి.

మన వైపు ఋగ్వేదం ఐదో మండలం 80వ సూక్తం మొదటి మంత్రం చూడండి: "ద్యుతద్యామానం బృహతీమృతేన". అక్కడ బృహతి అన్నది ఉషస్సును. పేరుగా కాదు, విశేషణంగా. అంటే రెండు జాతులకూ ఉమ్మడి ఆస్తి "ఎత్తయినది" అనే ఒక మాట. ఒకరు తెల్లవారే వెలుగును అలా పిలిచారు, ఇంకొకరికి అదే దేవత పేరైంది. ఒకే దేవత ఇక్కడినుంచి అక్కడికి నడిచి వెళ్లిందనడానికి ఈ మాట చాలదు. మనది అక్కడికి పోయిందని చెప్పుకోవాలనే తొందర మన వాళ్లలో చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. దొరికిన చుట్టరికమే ఇంత అందంగా ఉంటే, లేనిది కల్పించుకోవడం దేనికి?

వ్యాఖ్య: ఐర్లండ్‌లో బోయిన్ నది పాత పేరు "బువిందా" అట. ఇది మన గోవిందుడే కదండీ?

జవాబు:

ఇది చాలామందిని ఊరించే పోలిక. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ ఆ నదిని అలాగే రాశాడు. ముందు సగం మన గోశబ్దమే, అనుమానం లేదు. రెండో సగం దగ్గర ఆగాలి. కెల్టిక్‌లో "వింద" అంటే తెల్లనిది. మన గోవింద శబ్దానికి సంప్రదాయం చెప్పే అర్థం గోవును, భూమిని పొందినవాడని. అక్కడ తెల్లావు, ఇక్కడ పొందినవాడు. పేరు మొత్తాన్ని జత కలపలేం.

కానీ గోవిందుణ్ణి పక్కన పెట్టి ఆ నది కథ వినండి. బోయిన్ నదీదేవత బోవాన్. ఆమె భర్త నెహ్తన్‌కు ఒక రహస్య బావి ఉంది. అతనూ అతని పానపాత్రలు మోసేవాళ్లూ తప్ప ఎవరూ దాని దగ్గరికి పోకూడదు. ఆమె వెళ్లింది. బావి చుట్టూ ఎడమవైపుగా, మనం అప్రదక్షిణం అంటామే, అలా తిరిగింది. నీళ్లు పొంగి ఆమె కన్ను, చెయ్యి, తొడ పోగొట్టి, సముద్రం దాకా తరిమాయి. ఆ పరుగే బోయిన్ నది. నదీదేవత పేరు తెల్లావు.

ఇప్పుడు ఋగ్వేదం మూడో మండలం 33వ సూక్తం. విశ్వామిత్రుడు రెండు నదుల ఒడ్డున నిలబడి ఉన్నాడు. నేటి బియాస్, సట్లెజ్ అవి. వాటిని చూసి ఏమన్నాడు? "గావేవ శుభ్రే మాతరా రిహాణే". దూడను నాకే తల్లుల్లాంటి రెండు తెల్లని ఆవులట! గోవిందుడిలో దొరకని పోలిక ఇక్కడ ఇలా ఎదురొచ్చినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మాట వేరు, ఊహ ఒక్కటే. ఆవుల్ని మేపుకుని బతికిన జనాలకు పాలూ నీళ్లూ ఒకేలా తోచాయని దీన్ని సులువుగానూ వివరించవచ్చు. అయినా నాకు దీని విలువ తగ్గదు.

ఐరిష్ దేవతల తల్లి అనే దనూ, మన వేదంలోని దానూ ఒకరేనా అని ఇంకొకరు అడిగారు. దాంట్లో నేను ఎక్కువ దూరం పోను. ఐర్లండ్‌లో దేవతల జాతి పేరు "దనన్" అనే షష్ఠీ రూపంలో పాత ప్రతుల్లో ఉంది. "దను" అనే ప్రథమా రూపం పండితులు ఊహించుకున్నది. మన దాను వృత్రుడి తల్లి. ఇంద్రుడు చంపిన కొడుకు మీద, దూడతో పడుకున్న ఆవులా పడి ఉంటుంది (1.32.9). అక్కడ దను సంతానం దేవతలు, ఇక్కడ దానవులు. పేర్లు కలిసినా కథలు కలవవు.

వ్యాఖ్య: చాలా థాంక్స్ మాస్టారూ. ఒక్క సందేహం మిగిలింది. పాప "బ్రీడ్" అని పలుకుతుంది, గకారమే వినబడదు. మీరు చెప్పిన గ ఎక్కడ?

జవాబు:

అరిగిపోయిందమ్మా. రెండు అచ్చుల మధ్య ఉన్న గ మెత్తబడి, పలుచబడి, చివరికి పలకడమే మానేశారు. మన రాజు "రాయలు" అయినప్పుడు జకారానికి పట్టిన గతే దానికీ పట్టింది. పాత పుస్తకం ఏదైనా దొరికితే పాపకు ఆ పేరు చూపించండి. నడుమ గకారం, దాని పక్కన హకారం ఇంకా రాసే ఉంటాయి.