'పరిపూర్ణ సంఖ్య' అన్న మాట, 3,35,50,336 అన్న ఉదాహరణ

'పరిపూర్ణ సంఖ్య'ను 'పూర్ణ సంఖ్య'గా కుదించి వాడవచ్చునా అని అడిగిన మిత్రులకు నా జవాబు: వాడకూడదు. 1, 2, 3 వంటి ధన సంఖ్యలనూ, వాటి రుణ రూపాలనూ, సున్ననూ కలిపి చెప్పడానికి 'పూర్ణ సంఖ్యలు' అన్న మాట గణితంలో ఇదివరకే స్థిరపడింది. ఒక సంఖ్య, తనను మినహాయించగా మిగిలిన తన కారణాంకాలన్నిటి మొత్తానికి సరిగ్గా సమానం కావడమన్న లక్షణాన్ని 'పరి' అనే ఉపసర్గే వేరుచేసి చూపుతోంది కనుక దానిని వదులుకోలేము.

నిఘంటువులో ఈ మాటకు ఉదాహరణగా 6 సరిపోతుందని ఒకరు అన్నారు. 1, 2, 3 కలిపితే 6 అవుతుంది, నిజమే. కాని అంత చిన్న సంఖ్యలో అది యాదృచ్ఛికంగా తోస్తుంది. మూడు కోట్ల ముప్పై ఐదు లక్షల యాభై వేల మూడు వందల ముప్పై ఆరును తీసుకుంటే ఈ లక్షణం ఎక్కడినుంచి వస్తుందో కళ్ళకు కడుతుంది. పన్నెండు రెండ్లను గుణించగా వచ్చే 4096కూ, 8191 అనే ప్రధాన సంఖ్యకూ లబ్ధం ఇది. దీని కారణాంకాలలో 1, 2, 4 అంటూ రెట్టింపవుతూ 4096 వరకు వచ్చే పదమూడింటి మొత్తం 8191. ఇక 8191తో మొదలై అలాగే రెట్టింపవుతూ సాగే పన్నెండింటి మొత్తం 3,35,42,145. ఈ రెండు మొత్తాలను కూడితే మనం బయలుదేరిన సంఖ్యే, ఒక్కటి కూడా హెచ్చుతగ్గు లేకుండా, తిరిగి వస్తుంది. ఇంతటి పెద్ద సంఖ్య ఇలా తూగడం నాకు ఎప్పుడూ ఆనందమే.

1 నుంచి 8191 వరకు ఉన్న సంఖ్యలన్నిటినీ కూడినా ఇదే వస్తుంది. 1 నుంచి 127 వరకు గల అరవై నాలుగు బేసి సంఖ్యల ఘనాలను కూడినా ఇదే. 0, 1 అంకెలతోనే రాసే ద్విసంఖ్యామానంలో రాస్తే పదమూడు ఒకట్లు, వాటి వెనుక పన్నెండు సున్నాలు. దీని అంకెల మొత్తం 28 కావడం, 28 కూడా పరిపూర్ణ సంఖ్యే కావడం మాత్రం కాకతాళీయమే. దానిని లక్షణంగా చెప్పకూడదు.

వరుసలో ఇది అయిదవది. మొదటి నాలుగైన 6, 28, 496, 8128లలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క అంకె పెరగడం చూసి, తరువాతిది అయిదంకెలలో ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. కాని అది ఎనిమిది అంకెలకు గాని దొరకదు. 8191 లాగే రెండ్ల లబ్ధం నుంచి ఒకటి తీసివేయగా వచ్చే 2047, ప్రధాన సంఖ్య కాకుండా 23, 89ల లబ్ధం కావడం ఇందుకు ఒక కారణం.

నిర్వచనంలోనే 'సరి సంఖ్య' అని చేర్చాలన్న సూచనను నేను అంగీకరించలేను. రెండ్ల లబ్ధాన్ని, దాని రెట్టింపుకు ఒకటి తక్కువైన ప్రధాన సంఖ్యతో గుణించే ఈ నిర్మాణాన్ని ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ చూపాడు; సరి పరిపూర్ణ సంఖ్యలన్నిటికీ ఇది వర్తిస్తుందని పద్దెనిమిదవ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ నిరూపించాడు. బేసి పరిపూర్ణ సంఖ్య ఒక్కటీ ఇంతవరకు దొరకలేదు, ఉండదని నిరూపణ కూడా లేదు. అందుచేత నిర్వచనం కారణాంకాల మొత్తం దగ్గరే ఆగాలి.