వాలీబాల్‌ల హీలియం కొడితే ఆట మారుతదా?

స్మాషర్_మునుగోడు:
సంక్రాంతి టోర్నమెంట్ ఫైనల్ల ఓడినం. ఓడుడు కొత్త గాదు గానీ ఆ బాల్ మామూలు బాల్ గాదు అన్నలూ. సర్వీస్ కొడితే చేతికి బరువే తెల్వలే, మా లిఫ్టర్ ఎప్పటిలెక్కనే లేపుతుంటే నెట్ చివర్ల కట్టే ఆంటెన్నా పుల్ల దాటి పోతున్నది. హోస్ట్ టీమ్‌ల ఒకనికి బర్త్‌డే డెకరేషన్ షాపు ఉన్నది, సిలిండర్ కూడ ఉన్నది, గందుకే బాల్‌ల గాలికి బదులు హీలియం కొట్టిన్రని నా అనుమానం. తెలిసినోళ్లు చెప్పున్రి.

పాలమూరు_పిలగాడు:
హీలియం కొడితే బాల్ మీదికి లేసిపోదా అన్నా, ఇంకేం ఆడుతరు

లెక్కల_సారు:
లేవది తమ్మీ. లీటర్ గాలి దాదాపు 1.2 గ్రాములు, లీటర్ హీలియం 0.2 గ్రాముల లోపే. అంటే లీటర్ హీలియం ఎత్తేది ఒక్క గ్రాము. బెలూన్ రబ్బరు బరువు మూడు నాలుగు గ్రాములే గనుక అది లేస్తది. వాలీబాల్ రూల్ ప్రకారం 260 నుంచి 280 గ్రాములుండాలె, లోపల పట్టేది ఐదు లీటర్ల లోపే. గాలి ఒత్తి కొడతం గనుక బాల్‌ల గాలి ఏడు గ్రాముల దాకా ఉంటది, హీలియం అయితే ఒక గ్రాము. తేడా ఆరు గ్రాములు. రూల్‌లనే 20 గ్రాముల తేడా ఒప్పుకున్నంక ఆరు గ్రాములు పట్టుకొని ఏడ్చుడేంది?

స్మాషర్_మునుగోడు:
సారూ మీరు కాగితం మీద కొట్టిన్రు, నేను చేత్తోని కొట్టిన. చిన్నప్పటి నుంచి ఆడుతున్న, ఆరు గ్రాములైనా చేతికి తెలుస్తది. మీరెన్నడన్న కోర్టుల దిగిన్రా?

లెక్కల_సారు:
దిగిన, దిగకపోయినా లెక్క మారదు. ఇంకోటి విను. బాల్ తేలికైతే ఇంకా దూరం పోతదనుకుంటున్నవ్ గానీ గాలి దాన్ని ఇంకా తొందరగ ఆపుతది. ఉత్త బెలూన్‌ను ఎంత గట్టిగ గుద్దినా నాలుగడుగులు పోయి ఆగుతది గదా. చెయ్యి ఇడిసేటప్పుడు రవ్వంత స్పీడ్ ఎక్కువుంటది, దార్ల అదీ పోతది. హీలియం నింపితే నష్టమే గానీ లాభం లేదు.
అన్నట్టు ఈ హీలియం జాడ దొరికింది 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణం తర్వాతనే, ఆ గ్రహణం చూసేటందుకు జాన్సెన్ అని ఫ్రాన్స్ ఆయన మన గుంటూరుకు వచ్చిండు.

స్మాషర్_మునుగోడు:
గుంటూరు ముచ్చట ఎవరడిగిన్రు

బెలూన్_దేవరకొండ:
షాపు పేరు ఎత్తిన్రు గనుక చెప్తున్న, నేను కూడ గదే పని చేస్తా. హీలియం మన దేశానికి దాదాపు అంతా బయటినుంచే వస్తది, ధర మండుతది, బెలూన్లకే లెక్కవెట్టుకొని వాడుతం. మీ వాలీబాల్‌కు ఎవడు తగలేస్తడు? జాతరల్ల అమ్మేటియి చానా వరకు హీలియం గాదు, హైడ్రోజన్. కాస్టిక్ సోడల అల్యూమినియం ముక్కలేసి తయారు చేస్తరు, నిప్పు తగిల్తే భగ్గుమంటది. హీలియం అసలే అంటుకోదు. ఒక ఫంక్షన్ల ఎవరో జాతర బెలూన్లు తెచ్చి కొవ్వొత్తుల పక్కన కట్టిన్రు, అవి అంటుకుంటే తిట్లు మాత్రం నాకు పడ్డయి, పైసలు కూడ సగమే ఇచ్చిన్రు. అందుకే సిలిండర్ చూసినోడల్లా హీలియం హీలియం అంటే నాకు మండుతది.

చెరువుగట్టు_చిన్నోడు:
అది పీలిస్తే గొంతు మారుతది గదా

బెలూన్_దేవరకొండ:
పీల్చకు తమ్మీ. ఊపిరితిత్తులల్ల ఆక్సిజన్ లేకుంటైతది, సిలిండర్‌కెళ్లి డైరెక్టుగ పీలిస్తే పానం పోతది.

స్మాషర్_మునుగోడు:
షాపోళ్లంత ఒకటైతిరి. నాకు గ్యాసు పేరు ముఖ్యం గాదు, బాల్ ఎందుకు గట్ల ఎగిరింది అది చెప్పున్రి.

లెక్కల_సారు:
గాలి గట్టిగ కొట్టి ఉంటరు. వాలీబాల్‌కు గాలి ఒత్తిడి 4.3 నుంచి 4.6 పీఎస్ఐ చాలు. దాటించి కొడితే బరువు గ్రాము కూడ పెరగది గానీ చేతికి తగలంగనే దబ్బున ఎగుర్తది, నీ లిఫ్టర్‌కు అయింది గదే. పంపుకు గేజీ పెట్టి చూసిన్రా?

స్మాషర్_మునుగోడు:
ఎట్ల చూస్తం సారూ! మ్యాచ్‌కు ముందు బాల్ ఒక్కసారి ఇయ్యమంటే ఇయ్యలే. పంపు వాళ్లదే, బాల్ వాళ్లదే, అంపైర్ కూడ వాళ్ల బామ్మర్ది. మేం తెచ్చిన కొత్త బాల్ సంచిల్నే ఉండిపోయింది. గిదంత ఎవరికి చెప్పుకోవాలె?

హాలియా_లిఫ్టర్:
ఇగ అసలు ముచ్చట బయటికొచ్చింది. హీలియం అంటూ గంటల నుంచి సంపుతున్నవ్, నీ లొల్లి బాల్ ఎవరిదన్న దాని మీద. పోయిన దసరాకు మీ ఊర్ల పెట్టిన టోర్నమెంట్ల ఎవరి బాల్‌తోని ఆడిచ్చిన్రు? మేమొచ్చినం, మెత్తటి బాల్ ఇచ్చిన్రు, స్మాష్ కొడితే గోడకు పిడక కొట్టినట్టే ఉండె.

స్మాషర్_మునుగోడు:
అది పాత బాల్, లీకుండె. అది వేరు ఇది వేరు.

హాలియా_లిఫ్టర్:
ఏం వేరు? గెలిచినప్పుడు లీకు, ఓడినప్పుడు హీలియమా?

లెక్కల_సారు:
ఇద్దరు ఆగున్రి. ఎంట్రీ ఫీజుల కెళ్లి ఒక గేజీ కొనుండ్రి, రెండు టీముల కెప్టెన్ల ముందు చూసి సంతకం పెట్టిచ్చుకోండ్రి.

స్మాషర్_మునుగోడు:
వాళ్ల గేజీ అయితే నేను నమ్మ.

కోదాడ_అక్క:
మధ్యల వచ్చిన ఏమనుకోకున్రి. పాప బర్త్‌డే ఎల్లుండి సాయంత్రం, బెలూన్లు రేపే నింపిచ్చుకోవచ్చా?

బెలూన్_దేవరకొండ:
రబ్బరువి వద్దక్కా, హీలియం చానా సన్నది, రబ్బరుల నుంచి కారిపోతది, రేపు నింపితే ఎల్లుండి సాయంత్రానికి నేల మీద ఉంటయి. ఫాయిల్‌వి అయితే రోజుల తరబడి ఆగుతయి. గాలి కొట్టినయి గోడకు కట్టేటందుకే, అవి రేపే కట్టుకోవచ్చు.