ఫొటోలో లొకేషన్: ఉంచాలా, తీసేయాలా?

లంకరైతు:
మొన్న తుపానుకి మా చేను మునిగితే మా మేనల్లుడు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టాడు. ఇప్పుడేమో పంట నష్టం రాసుకునేవాళ్లు "ఇది ఏ చేను, ఏ రోజు తీశారు" అని అడుగుతున్నారు. ఫొటోలో ఆ వివరాలే లేవట. వాడి ఫోను నీళ్లలో పడి పాడైంది. లొకేషన్ ఆపుకోండని ఊదరగొట్టేవాళ్లు చెప్పండి, ఆపేస్తే అది నా చేనేనని ఎలా చూపించాలి?

గౌతమిగట్టు:
ఫోనుతో ఫొటో తీస్తే తేదీ, టైము, ఫోను మోడలు, లొకేషన్ ఆన్‌లో ఉంటే అక్షాంశ రేఖాంశాలు కూడా ఆ ఫైల్లోనే చేరతాయండీ. అదే మెటాడేటా. విత్తనాల బస్తాకి కుట్టిన చీటీ లాంటిది: ఎంటీయూ 7029 అని వరి రకం, లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష తేదీ. చీటీ లేని బస్తా మనం కొంటామా? వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే ఆ చీటీ ఊడిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది.

అమలాపురం ఆడపడుచు:
నా గొడవ దాంతోనే. పాత పందిరిమంచం అమ్ముదామని ఒకాయనకి ఫొటో మెయిల్‌లో పంపాను. బేరం కుదరలేదు. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో ప్రత్యక్షం! అడ్రస్ నేను చెప్పనేలేదు. ఫొటోలోని అంకెలు మ్యాప్‌లో కొట్టి వచ్చాడట, ఏదో ఘనకార్యంలా చెప్పాడు. యాంటీవైరస్ కంపెనీ పెట్టిన జాన్ మెకాఫీ అంతటివాడే 2012లో పరారీలో ఉండి, ఒక పత్రిక వేసిన ఫొటోలోని అంకెల వల్ల గ్వాటెమాలాలో ఉన్నట్టు బయటపడిపోయాడు. ఇక మనమెంత?

లంకరైతు:
మంచం బేరానికీ మునిగిన చేనుకీ ఒకటే రూలంటే ఎలాగమ్మా?

పాత స్టూడియో:
ఇద్దరూ ఆ అంకెల్ని వేదవాక్కులా నమ్ముతున్నారు. మా కెమెరా లోపలి బ్యాటరీ అయిపోయి, ఒక సీజను పెళ్లిళ్లన్నీ జనవరి 1న జరిగినట్టు పడ్డాయి. ధనుర్మాసంలో పెళ్లిళ్లు! తేదీ, లొకేషన్ మార్చేసే యాప్‌లూ ఉచితంగానే దొరుకుతాయి. అందుకే కోర్టులో చీటీ ఒక్కటే చాలదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైలు హ్యాష్, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి కోడు, కూడా రాయాలి. ఫైల్లో పిసరంత మారినా ఆ హ్యాష్ మారిపోతుంది.

గౌతమిగట్టు:
మార్చొచ్చని అసలు రాయకుండా ఉంటామా? తీసేటప్పుడు ఉంచుకోండి, పరాయివాళ్లకి పంపేటప్పుడు తీసేయండి. ఐఫోన్‌లో అయితే షేర్ చేసేటప్పుడే ఆప్షన్స్‌లో లొకేషన్ ఆపొచ్చు. లంకరైతు గారూ, మేనల్లుడి గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఉందేమో చూశారా?

లంకరైతు:
ఆయ్, దొరికిందండీ! తేదీ, టైము సరిగ్గా ఉన్నాయి. లొకేషన్ మాత్రం మా పిన్నిగారి కొబ్బరితోటలో చూపిస్తోంది.

పాత స్టూడియో:
చేలో నడుంలోతు నీళ్లుంటే ఆ కుర్రాడు ఎక్కడ నిలబడి తీశాడేంటి?

లంకరైతు:
పిన్నిగారి తోటలోనేనండి.