విజయవాడ సింగ్‌నగర్ వైపు వరదలో మునిగిన ఇల్లు అమ్మడం: అమెరికాకి కొత్తగా వచ్చిన తమ్ముడికి

తమ్ముడూ,

వరదలో మునిగిన మీ ఇల్లు ఎలా అమ్మాలని నువ్వు రాసింది రాత్రి రెండుసార్లు చదివాను. మీ నాన్నగారు పోయి ఏడాది. నువ్వు డిసెంబరులో ఉద్యోగానికని ఇక్కడికి వచ్చేశావు. పాయకాపురంలో కింది ఇంట్లో మీ అమ్మ ఒక్కరే. వాన గట్టిగా పడితే చాలు, ఆవిడ రాత్రంతా లేచి కూర్చుంటున్నారు. మాదీ ఆ పక్కనే, సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న మా ఇంట్లోకి నీళ్ళు వచ్చినప్పుడు నేను ఇక్కడ హ్యూస్టన్‌లో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. మా అమ్మానాన్న మేడ మీద ఉన్నారు. పోయిన ఏడాది ఆ ఇల్లు అమ్మాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ బ్రోకరు "గోడలు గీకించి, లప్పం పెట్టించి, రంగు వేయిస్తే నెలలో అమ్మేస్తా, నీళ్ళ మాట ఎత్తొద్దు" అన్నాడని రాశావు. ఇక్కడ ఒకరిద్దరు కూడా "ఆ ఏరియా సంగతి అందరికీ తెలిసిందే, మనం ప్రత్యేకంగా చెప్పడం ఎందుకు" అన్నారు. నేను ఒప్పుకోను. మేం మొదట అలాగే చేశాం, ఏం జరిగిందో చెబుతాను.

మాకు దొరికిన బ్రోకరూ అదే సలహా ఇచ్చాడు. నాన్న మనసు ఒప్పుకోకపోయినా రంగు వేయించారు. ఒక కుటుంబం వచ్చింది, నచ్చింది, బయానా ఇచ్చారు. రెండోసారి కొలతలకి వచ్చినప్పుడు ఆ ఇంటాయన పడగ్గదిలో బీరువా పక్కకి జరిపించారు. బీరువా వెనక రంగు వెయ్యలేదు. అక్కడ బురదగీత అలాగే ఉంది. ఆయన జేబులోంచి టేపు తీసి కొలిచారు. నేల నుంచి నాలుగడుగుల రెండంగుళాలు. ఒక్క మాట కూడా అనలేదు, నాన్న వైపు చూశారంతే. బయానా తిరిగి ఇచ్చేశాం. నలభై ఏళ్ళు ఆ వీధిలో ఒకరి చేత మాట పడకుండా బతికిన మనిషి, ఆ తరవాత వారం రోజులు గేటు దగ్గర కూర్చోవడం మానేశారు. డబ్బు నష్టం కన్నా అది నాకు ఎక్కువ బాధనిపించింది. నీకూ అమ్మకీ అలాంటి రోజు రాకూడదని ఇదంతా.

చట్టం కూడా అదే చెబుతోంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, ఆస్తిలో ఉన్న ముఖ్యమైన లోపం అమ్మేవాళ్ళకి తెలిసి ఉండి, కొనేవాళ్ళు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిదైతే, అమ్మేవాళ్ళే బయటపెట్టాలి. వీధి మునిగిందన్నది ఊరంతటికీ తెలుసు, నిజమే. కానీ మీ హాల్లో నీళ్ళు ఎంత ఎత్తున, ఎన్ని రోజులు నిలిచాయో మీ ఇంటివాళ్ళకే తెలుసు. ఆ గీతని లప్పంతో కప్పేస్తే, చూసేవాళ్ళకి కనపడకుండా చేసింది మనమే అవుతాం. ఇక్కడ టెక్సస్‌లో ఇల్లు అమ్మేటప్పుడు ఇచ్చే ఫారంలో ఇంతకు ముందు వరద వచ్చిందా, ఫ్లడ్ ఇన్సూరెన్స్ ఉందా, ముంపు ప్రాంతంలో ఉందా అని విడివిడిగా అడుగుతారు. మన దగ్గర అలాంటి ఫారం లేదు. కాబట్టి మనమే ఒక కాగితం తయారు చేసుకోవాలి.

మేం రెండోసారి అదే చేశాం. ఒక తెల్లకాగితం మీద నీళ్ళు వచ్చిన తేదీ, హాల్లో ఎత్తు, బయట గేటు దగ్గర ఎత్తు, ఎప్పటికి దిగాయి, తరవాత ఏమేం మార్చాం అన్నీ నాన్న చేత్తో రాశారు. వైరింగు బిల్లు, తలుపుల బిల్లు, అప్పుడు ఫోన్లో తీసిన ఫొటోలు జత చేశాం. ఇల్లు చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకీ మంచినీళ్ళు ఇచ్చాక ఇచ్చేది ఆ కాగితమే. ముగ్గురు నలుగురు చదివి వెళ్ళిపోయారు. వెళ్ళిపోనీ. నిలబడినవాళ్ళు మళ్ళీ వెనక్కి పోలేదు. అగ్రిమెంటులో కూడా "2024 వరదలో నీళ్ళు వచ్చిన సంగతి, ఎత్తు తెలుసుకునే కొంటున్నాం" అని ఒక వాక్యం రాయించాం. అది వాళ్ళకీ మంచిదే, మనకీ మంచిదే.

కొనేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "మళ్ళీ వస్తాయా?" అని. రావని చెప్పకు. ఎందుకు వచ్చాయో చెప్పు. బుడమేరు వాగు నీళ్ళని వెలగలేరు రెగ్యులేటరు దగ్గర డైవర్షన్ కాలువలోకి మళ్ళించి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. మళ్ళించలేనంత వస్తే పాత దారిన ఊరి వైపు నుంచి కొల్లేరుకి పోవాలి. ఆ ఏడాది మైలవరం వైపు కుండపోత, అదే సమయంలో కృష్ణ కూడా పొంగి బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కృష్ణ నిండుగా ఉంటే కాలువ నీళ్ళు అందులోకి దిగవు, వెనక్కి తంతాయి. కొండపల్లి శాంతినగర్ దగ్గర కట్టకి మూడు గండ్లు పడ్డాయి, పూడ్చడానికి ఆర్మీ రావాల్సి వచ్చింది. 2005లోనూ బుడమేరు ముంచింది. ఇది దాచితే దాగే సంగతి కాదు. కొనేవాళ్ళని ఒకసారి వెలగలేరు వెళ్ళి కళ్ళారా చూసి రమ్మను.

రిపేర్ల విషయానికొస్తే, అందం కోసం ఖర్చు పెట్టకు. చెమ్మ పూర్తిగా ఆరని గోడకి లప్పం పెడితే ఉప్పు పొక్కులు లేచి పెచ్చులుగా రాలిపోతుంది, ఆ డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. స్విచ్‌బోర్డులు, మీటరు, మోటారు స్టార్టరు గీతకి పైన ఉండేట్టు మార్పించు. సంపు కడిగించి నీళ్ళు టెస్టు చేయించి రిపోర్టు పెట్టుకో. అంతే. ఇంకోటి, గుమ్మం ముందు నిలబడి చూడు: రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో చాలా ఇళ్ళు పల్లంలోకి వెళ్ళిపోయాయి. మాది కట్టినప్పుడు మూడు మెట్లు ఎక్కి లోపలికి వెళ్ళేవాళ్ళం. అమ్మేనాటికి ఒక్క మెట్టు మిగిలింది. మీదీ అలాగే ఉంటే దాన్నీ కాగితంలో రాయి.

రేటు దగ్గర నా లెక్క ఇది. అలాంటి ఇంట్లో అసలు విలువ స్థలానిదే. కొనేవాళ్ళు "ముంపు ఏరియా కదా" అని నోటికొచ్చిన అంకె తగ్గించమంటారు. గుండుగుత్తగా తగ్గించకు. మెరక చెయ్యడానికి ఎంత, వైరింగు ఎంత, తలుపులు ఎంత అని మేస్త్రి చేత ఎస్టిమేటు రాయించి, ఆ మేరకు తగ్గించు. కింద స్టిల్టు పార్కింగు వదిలి పైన కట్టుకుందామనుకునే వాళ్ళకి నీ ఇల్లు ఎలాగూ కూల్చేదే, వాళ్ళతో స్థలం రేటే మాట్లాడాలి. మా ఇల్లు కొన్నది అదే వీధిలో పదేళ్ళుగా అద్దెకున్నవాళ్ళు. నీళ్ళు వాళ్ళూ చూశారు. వాళ్ళ పని, పిల్లల బడి అంతా అక్కడే. బయటివాళ్ళ కోసం ప్రకటనలు ఇచ్చే ముందు మీ వీధిలోనే ఒకసారి అడిగి చూడమను.

అమ్మేదాకా ఇంటికి బీమా ఉంచు. భారత్ గృహ రక్ష అనే పాలసీలో వరద నష్టం కూడా కవరవుతుంది.

ఇక కాగితాలు. నాన్నగారి దస్తావేజులు బీరువా కింది అరలో ఉండి తడిశాయన్నావు. మావీ అంతే. అమ్మ ఒక్కో పేజీనీ న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి ఇస్త్రీ చేసింది, సీళ్ళ ఇంకు ఇంకో పేజీకి అంటుకుపోయింది. కంగారు పడకు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీలు ఇస్తారు. లింకు డాక్యుమెంట్లకి, అంటే అంతకు ముందు చేతులు మారిన దస్తావేజులకి కూడా తీసుకోవాలి. పాడైన ఒరిజినల్స్ పారేయొద్దు, కొనేవాళ్ళ బ్యాంకు అవి చూపించమంటుంది. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం తీయించి, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చెయ్యని 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకో. వరద తరవాత బుడమేరు ఆక్రమణల మాట గట్టిగా వినపడుతోంది కాబట్టి, కాలువకి దగ్గరలో ఉంటే సర్వేయరు చేత హద్దులు కొలిపించి పెట్టుకోవడం నయం. నాన్నగారి వారసులుగా నువ్వూ అమ్మా ఇద్దరేనని ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి.

నువ్వు అడగని విషయం ఒకటుంది, డబ్బు రీత్యా నీకు అదే ముఖ్యం. నువ్వు డిసెంబరు దాకా ఇండియాలో ఉన్నావు. అంటే ఈ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు దాటాయి, ఆదాయపన్ను లెక్కలో మార్చి 31 దాకా నువ్వు రెసిడెంటువే. ఆలోపు రిజిస్ట్రేషన్ అయితే, ఇల్లు 50 లక్షలో అంతకు పైనో పలికినప్పుడు కొనేవాళ్ళు 1 శాతం టీడీఎస్ (ఇచ్చే డబ్బులోంచి ముందే పట్టుకునే పన్ను) పట్టుకుంటే సరిపోతుంది. మార్చి దాటి నువ్వు నాన్‌రెసిడెంటు అయ్యాక, నీ వాటాకి వచ్చే మొత్తం మీద 12.5 శాతం, దానిపై 4 శాతం సెస్సు, కలిపి 13 శాతం పట్టుకోవాలి. సర్‌చార్జీ వర్తిస్తే ఇంకా ఎక్కువ. లాభం మీద కాదు, మొత్తం మీద. ఇల్లు 60 లక్షలు పలికి నీ వాటా 30 లక్షలైతే అప్పుడు 30,000 పోయేచోట 3,90,000 ఆగిపోతుంది. రిటర్ను వేసి, కట్టాల్సిన పన్ను పోగా మిగిలింది వెనక్కి తెచ్చుకోవాలి. లాభం లెక్కకి నాన్నగారు కొన్న ధర గానీ, 2001 ఏప్రిల్ 1కి ముందు కొని ఉంటే ఆ తేదీ నాటి విలువ గానీ తీసుకుంటారు.

అలాగని మార్చి 31 కోసం రేటు తెగ్గోసుకోకు. ఆలస్యమైతే అగ్రిమెంటు కాగానే ఆడిటరు ద్వారా లోయర్ డిడక్షన్ సర్టిఫికెట్‌కి, అంటే టీడీఎస్ తక్కువ పట్టుకోమనే కాగితానికి అప్లై చెయ్యి. అది రావడానికి వారాలు పడుతుంది కాబట్టి రిజిస్ట్రేషన్ గడువులో ఆ వెసులుబాటు రాయించుకో. లాభాన్ని రెండేళ్ళలోపు ఇండియాలోనే నీ పేరున ఇంకో ఇల్లు కొనడానికి వాడితే ఆ మేరకు పన్ను మినహాయింపు ఉంది.

సంతకం కోసం నువ్వు వెళ్ళక్కర్లేదు. ఈ ఒక్క ఇంటికే పరిమితమయ్యేలా అమ్మ పేరున స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ (నీ తరఫున సంతకం పెట్టే అధికారం) రాసి, ఇక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపు. అక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. బ్రోకరు పేరున మాత్రం పవర్ ఇవ్వకు, ఎంత నమ్మకస్తుడైనా సరే. బయానాతో సహా ఒక్క రూపాయి కూడా నగదుగా వద్దు. ఇల్లూ స్థలాల లావాదేవీల్లో 20,000, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంతా పెనాల్టీ పడొచ్చు. ఇక్కడికి వచ్చాక నీ పాత సేవింగ్స్ ఖాతా ఎన్‌ఆర్‌ఓగా, అంటే విదేశంలో ఉన్నవాళ్ళ ఖాతాగా మార్చుకోవాలి, మార్చావో లేదో చూసుకో. నీ వాటా డబ్బు అందులోనే పడాలి. ఇక్కడికి తెచ్చుకోవాలంటే ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా వీలుంది, ఆడిటరు సర్టిఫికెట్ ఇస్తే నువ్వు ఆదాయపన్ను శాఖకి డిక్లరేషన్ వెయ్యాలి.

*

తమ్ముడూ, నీ జవాబు చూశాను. "అక్కా, అమ్మ ఇల్లు అమ్మనంటోంది, వాన పడితే భయపడుతుంది, అమ్ముదామంటే ఏడుస్తుంది, ఏం చెయ్యను" అన్నావు.

అయితే పైన రాసినవన్నీ పక్కన పెట్టు. ఆ ఇంట్లో సగం ఆవిడది, నాన్నగారితో కలిసి కట్టుకున్నది. మా అమ్మా అలాగే అంది. అమ్ముదామా వద్దా అని అడగడం మానేసి, వర్షాకాలం నాలుగు నెలలు ఎక్కడుంటావు అని అడిగాను. పటమటలో మా పిన్ని వాళ్ళ పక్కన రెండో అంతస్తులో ఒక పోర్షన్ అద్దెకి తీసుకున్నాం. ఇంటికి తాళం వేశాం, ఇల్లు అమ్మెయ్యలేదు. మొదటి వాన రాత్రి అమ్మ హాయిగా నిద్రపోయింది. దసరా నాటికి తనే ఫోన్ చేసి "ఆ అద్దెకున్న వాళ్ళని అడగమను నాన్నని" అంది. మీ అమ్మగారికి ఆ నాలుగు నెలలు ఇవ్వు. ఇందాకటి పన్ను తేడా పెద్దదే, అయినా ఇవ్వు.

తాళాలు ఇచ్చిన రోజు నేను వీడియో కాల్‌లో చూశాను. నాన్న కొన్నాయన్ని చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పారు. మెయిన్ స్విచ్ చూపించి "నీళ్ళు గేటు దాటితే ముందు ఇది కట్టెయ్యి బాబూ, తరవాతే సామాన్లు" అన్నారు. మేడ మెట్ల కింద గొళ్ళెం చూపించి, గ్యాస్ బండ కొట్టుకుపోకుండా దానికెలా కట్టాలో కట్టి చూపించారు. పడగ్గదిలో బీరువా ఉన్న చోట గోడకి మేం మళ్ళీ రంగు వెయ్యలేదు. ఆయన జేబులోంచి పెన్సిల్ తీసి, ఆ బురదగీత పక్కనే తేదీ రాశారు.