యాష్ కర్రతో వంతెన స్తంభాలా? కల్పిత లోకమైతే మాత్రం!

నీలిమేఘం: నా కథ మూడు భాగాలు ఇక్కడే పెట్టాను. కల్పిత లోకం, చలిదేశం, మంచుకోన అనే ఊరు. అక్కడ ఎటు చూసినా యాష్ చెట్లే, అదే చలిదేశాల్లో పెరిగే గట్టి కర్ర చెట్టు. బల్లేలు, విల్లులు, ఏటి మీద వంతెన స్తంభాలు అన్నీ దానివే. మంచులో చిక్కుకున్న వీరుడు పచ్చి కొమ్మ నరికి మంట వేసుకుంటాడు. ఇదంతా నమ్మేలా లేదని ఒకరు మెసేజ్ పెట్టారు. లోకం నాది, చెట్టూ నాదే కదా?

వడ్రంగి మనవడు: ఆ ఒకరు నేనే, దాపరికం ఎందుకు. బల్లెం వరకు ఒప్పుకుంటాను. యాష్‌లో నార నిలువుగా పోతుంది, దెబ్బ తగిలితే వంగి మళ్లీ లేస్తుంది. పాత ఇంగ్లీషులో ఈ చెట్టు పేరుకే బల్లెం అనే అర్థం కూడా ఉంది. గ్రీకు పురాణ వీరుడు అకిలీస్ బల్లెం పెలియన్ కొండ మీది యాష్ కర్రే. విల్లుకి యూ చెట్టు మేలు, అది లేనిచోట యాష్‌తో సరిపెట్టుకున్నారు. స్తంభాలు మాత్రం కుదరవు. తడి నేలలో పాతితే కొన్నేళ్లకే కుళ్లిపోతుంది. ఓక్ పెట్టండి.

బాటసారి: యాష్ అంటే బూడిద చెట్టా అండీ?

నీలిమేఘం: కాదండీ. రెండూ వేరే మాటలు, ఒకేలా వినిపిస్తాయంతే.

మిషిగన్ మావయ్య: యాష్ గట్టిదని నాకు చెప్పకండి. మా పెరట్లో రెండుండేవి. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడిన పచ్చ పురుగు వాటినీ తినేసింది. ఆ చెట్లు కొట్టినవాడు డబ్బులు గుంజి, మొద్దులు నాకే వదిలేసి పోయాడు. ఆ కర్రతో గొడ్డలికి కామ చేసుకుంటే రెండో వేటుకే ఫట్! ఇక పచ్చి కొమ్మ మండటమా?

వడ్రంగి మనవడు: మావయ్యగారూ, ఆ పురుగు పిల్లలు బెరడు కింద తొలిచి చెట్టుకి నీరందకుండా చేస్తాయి. అలా నిలువునా చచ్చిన చెట్టు పెళుసెక్కుతుంది. పచ్చి యాష్‌లో చాలా చెట్ల కన్నా నీరు తక్కువ, అందుకే మండుతుంది.

మిషిగన్ మావయ్య: పచ్చి కర్రకి పొగే గానీ మంట రాదు. మా అమ్మ పొయ్యి ఊదుతూ కళ్లు తుడుచుకోవడం చూశాను.

వడ్రంగి మనవడు: ఆవిడ ఊదింది వేపో తుమ్మో!

నీలిమేఘం: స్కాండినేవియా పురాణాల్లో లోకాలన్నిటినీ కలిపి నిలబెట్టే ఇగ్‌డ్రసిల్ కూడా యాష్ చెట్టే. అది కుళ్లలేదే? అసలు మీ పేచీ వంతెనతో కాదు. పోయిన కథలోనూ గుర్రం రోజుకి ఎంత దూరం నడుస్తుందని పట్టుకున్నారు. నేనిక్కడ పరీక్ష రాయడం లేదు.

వడ్రంగి మనవడు: కుళ్లలేదని ఎవరన్నారు? పైన జింక కొరుకుతోంది, పక్కన కుళ్లుతోంది, కింద పాము నములుతోంది అని వాళ్ల పాత పద్యంలోనే ఉంది. పేచీ కావాలా, వినండి. మీ మూడు భాగాల్లో రాజుకి పేరుంది, గుర్రానికి పేరుంది, ఆఖరికి కత్తికీ పేరుంది. బల్లెం చెక్కినవాడు ఒక్క వాక్యంలో లేడు. యాష్‌ని మొదలంటా నరికితే పిలకలు లేస్తాయి. వాటిని నిటారుగా పెంచి బల్లెం కర్ర చేయాలంటే ఎవడో ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. మా తాత బండి చక్రానికి ఒక తుమ్మ మొద్దు కోసం మూడూళ్లు తిరిగేవాడు. తీరా అయ్యాక అందరూ దాన్ని కామందుగారి బండి అనేవాళ్లు.

బాటసారి: ఓహో, గొడవ ఇదా!

నీలిమేఘం: ఇది మొదటి మెసేజ్‌లోనే చెప్పొచ్చుగా సార్, ఓక్ అంటూ తిప్పారు. సరే, వడ్రంగిని పెడతాను. వంతెన మాత్రం యాష్‌దే. నాలుగో భాగంలో సైన్యం దాని మీద ఉండగా కూలుతుంది.

మిషిగన్ మావయ్య: మరి పచ్చి కొమ్మ సంగతి?