కొన్న, కోయూ, కొనొ యో న: జపనీస్‌లో "ఇలాంటి" అనడానికి ఏది ఎక్కడ వాడాలి?

కృష్ణాతీరం (ప్రశ్న)

జపనీస్‌లో "ఇలాంటి, అలాంటి, ఎలాంటి" అనడానికి మూడు వరసలు కనిపిస్తున్నాయి. కొన్న–సొన్న–అన్న–దొన్న మొదటిది, కోయూ–సోయూ–ఆయూ–దోయూ రెండోది, కొనొ యో న–సొనొ యో న–అనొ యో న–దొనొ యో న మూడోది. నా దగ్గరున్న నోట్సులో మూడింటికీ ఒకే అర్థం రాసి వదిలేశారు. ఎన్4 స్థాయిలో (జేఎల్‌పీటీ అనే జపనీస్ పరీక్షలో కింది నుంచి రెండో మెట్టు) ఉన్నాను. ముఖ్యంగా తెలియాల్సినవి ఇవి: "సొన్న", "అన్న" రెండూ "అలాంటి" అయినప్పుడు ఎప్పుడు ఏది? షాపులో ఫోటో చూపించి "ఇలాంటిది ఉందా" అనాలంటే ఏ వరస? దొన్న, దోయూ, దొనొ (ఏ) మధ్య తేడా ఏమిటి? అందరికీ చదవడానికి వీలుగా తెలుగు లిపిలోనే రాస్తే బాగుంటుంది.

సెన్సై_కాదు

ముందు సొన్న/అన్న సంగతి చూద్దాం, మనవాళ్లు తడబడేది ఎక్కువగా అక్కడే. తెలుగులో ఇ, అ రెండే. జపనీస్‌లో కొ, సొ, అ మూడు. మన "అ" వాళ్ల "సొ", "అ" రెండింటి చోటునూ ఆక్రమిస్తుంది.

కంటికి కనిపించే వస్తువైతే లెక్క తేలిక. నా దగ్గరున్నది కొ, మీ దగ్గరున్నది సొ, ఇద్దరికీ దూరంగా ఉన్నది అ. ఇద్దరం పక్కపక్కన నిలబడి ఒకే ఫోన్ చూస్తుంటే అందులో కనిపించేది ఇద్దరికీ కొ.

చిక్కంతా మాటల్లో వచ్చేదానితోనే. అక్కడ దూరం లెక్కకు రాదు, ఎవరికి తెలుసు అన్నదే లెక్క. నేను చెబుతున్న మనిషి మీకు తెలియకపోతే సొ: "కినో ఒమొషిరోయ్ హితొ ని ఐమషిత. సొనొ హితొ వ..." (నిన్న ఒక సరదా మనిషిని కలిశాను. ఆయన...). ఇక్కడ "అనొ హితొ" అంటే వినేవారు "నాకు తెలిసిన మనిషా?" అని వెతుక్కుంటారు. మీరు చెప్పినదాని గురించి నేను అడిగినా సొ: "సొనొ హితొ వ దొన్న హితొ దెస్ క" (ఆయన ఎలాంటి మనిషి?). ఇద్దరికీ తెలిసినదైతేనే అ. కలిసి వెళ్లిన హోటల్ గురించి "ఆయూ మిసె గ సుకి దెస్" (అలాంటి చోట్లు నాకిష్టం) అనవచ్చు. తనలో తాను ఏదో గుర్తు తెచ్చుకుంటూ అనుకునేటప్పుడు కూడా అ వస్తుంది.

ఇంకొకటి. చెప్పబోయే విషయాన్ని ముందుగా సూచించాలంటే కొ మాత్రమే పనికొస్తుంది. "కొన్న హనషి గ అరిమస్" (ఇలాంటి కథ ఒకటుంది) అన్నాక కథ మొదలవుతుంది. సొ ఎప్పుడూ వెనక్కి, అప్పటికే వచ్చిన మాట వైపే చూపిస్తుంది.

వైజాగ్_నిహోంగో

పై జవాబు కొ/సొ/అ గురించి. వరసల మధ్య తేడా నేను చెబుతాను.

కొన్న వరస మాట్లాడేటప్పుడు వాడేది, అందులో మాట్లాడేవాడి మనసు కలుస్తుంది. ఆశ్చర్యం, చిరాకు, చులకన, వినయం, ఏదైనా కావచ్చు. "అన్న హితొ" అంటే చాలాసార్లు "అలాంటి మనిషా, ఛీ" అని వినిపిస్తుంది. ఆఫీసులో ఎవరి పనినైనా "సొన్న షిగొతొ" (అలాంటి పని) అన్నారంటే ఆ పనిని తక్కువ చేసినట్టే. "సొన్న కొతొ షిత్తె ఇమస్" అంటే "ఆ మాత్రం నాకు తెలుసులే" అని విసిరినట్టు ఉంటుంది. పైవాళ్లతో ఈ మాట అనకండి. అదే చులకన సొంత వస్తువు మీద పడితే వినయం అవుతుంది, "కొన్న మొనొ షిక అరిమసెన్ గ" (ఇవే ఉన్నాయండీ, ఏమనుకోకండి) అన్నట్టు.

కోయూ వరసలో ఆ రంగు లేదు. ఇది "ఈ రకానికి చెందిన" అని వర్గం చెబుతుంది. అందుకే "సొన్న కొతొ అరిమసెన్", "సోయూ కొతొ దెస్" వేర్వేరు పనులు చేస్తాయి. మొదటిది ఎవరైనా మెచ్చుకుంటే "అబ్బే, అంత లేదండీ" అనడానికి. రెండోది "అదీ సంగతి" అనడానికి.

కొనొ యో న రాతలోదీ, మర్యాదదీ. ఈమెయిల్లో, రిపోర్టులో ఇదే వాడండి. కస్టమర్ ఫిర్యాదుకు "అలాంటిదేమీ లేదండీ" అని గౌరవంగా చెప్పాలంటే "సొనొ యో న కొతొ వ గొజైమసెన్". కో ఇత్త అని నాలుగో వరస కూడా ఉంది. కోయూ కన్నా కొంచెం రాతభాష, ఒకటికి మించిన వాటిని కలిపి చెప్పేటప్పుడు బాగా కుదురుతుంది: "కో ఇత్త మొందై" (ఇలాంటి సమస్యలు).

షాపు సంగతి: ఫోటో చూపిస్తూ "కోయూ నొ, అరిమస్ క" అనండి. చివరి "నొ" మన "ఇలాంటిది"లోని "ది" చేసే పనే చేస్తుంది. "కొన్న నొ" అన్నా తప్పు కాదు, కాకపోతే చనువుగా ఉంటుంది. క్షౌరశాలలో మాత్రం "కొన్న కంజి ని షితె కుదసై" (ఈ తరహాలో చేయండి) అందరూ అనేదే. ఫోటో పేరెత్తి చెప్పాలంటే "కొనొ షషిన్ మితై న కమిగత" అనో "కొనొ షషిన్ నొ యో న కమిగత" అనో అనవచ్చు (రెండూ "ఈ ఫోటోలోలాంటి జుట్టు తీరు"). మితై ముందు "నొ" ఉండదు, యో ముందు తప్పనిసరి.

ఏది వాడాలో తేలకపోతే కోయూ వరస పట్టుకోండి. చప్పగా ఉంటే ఉండవచ్చు గానీ ఎవరినీ నొప్పించదు.

సెన్సై_కాదు

దొన్న/దోయూ/దొనొ మిగిలిపోయింది. "దొనొ హితొ దెస్ క" అంటే ఎదురుగా ఉన్న ముగ్గురిలో గానీ, అంతకు మించి ఉన్నవాళ్లలో గానీ ఎవరు అని. జవాబు వేలు పెట్టి చూపించేది: "అనొ సె నొ తకై హితొ దెస్" (ఆ పొడుగు మనిషి). "దొన్న హితొ దెస్ క"కు జవాబు వర్ణన: "షిన్సెత్సు న హితొ దెస్" (దయగల మనిషి). దోయూ వివరణ కోరుతుంది. అర్థం కాని మాట వింటే "దోయూ ఇమి దెస్ క" (అంటే అర్థం ఏమిటి?) అని అడగడం వాడుక.

పొడిమాట

వ్యాకరణంలో జారే చోట్లు కొన్ని ఉన్నాయి.

కొన్న నేరుగా నామవాచకానికి అతుకుతుంది: కొన్న హొన్ (ఇలాంటి పుస్తకం). మధ్యలో "న" గానీ "నొ" గానీ పెడితే తప్పు.

"ని" చేరితే అర్థం మారుతుంది, అది "ఇలా" కాదు, "ఇంత". "ఇలా రాయండి" అనాలనుకుని "కొన్న ని కైతె కుదసై" అంటే "ఇంత రాయండి" అయిపోతుంది. "ఇలా"కు కో చాలు: "కో కైతె కుదసై". లేదా "కొన్న ఫూ ని". మన భాషలో ఇలా, ఇలాంటి, ఇంత అని మూడు విడివిడిగా ఉన్నాయి కదా, వాటికి కో, కోయూ/కొన్న, కొన్న ని అని జత చేసుకుంటే సరిపోతుంది. "ఇంత పెద్ద ఇల్లు" కొన్న ని ఓకీ ఇఎ. "ఇలాంటి పెద్ద ఇల్లు" కోయూ ఓకీ ఇఎ.

వ్యతిరేకార్థంతో వచ్చే "సొన్న ని" ఎవరి మాటనూ సూచించనక్కర్లేదు. "షికెన్ వ సొన్న ని ముజుకషికు నకత్త" అంటే పరీక్ష మరీ అంత కష్టంగా లేదు, అంతే. "దొన్న ని ... తె మొ" అంటే "ఎంత ... అయినా": "దొన్న ని తకకుతె మొ కైమస్" (ఎంత ఖరీదైనా కొంటాను).

ఉచ్చారణకు వస్తే, కోయూను కనాలో (జపనీస్ అక్షరమాలలో) కొ-ఉ-ఇ-ఉ అని రాస్తారు, పలికేది కోయూ. కొన్న, సొన్న, అన్న మొదటి అక్షరం కింది స్వరంలో మొదలై పైకి లేచి అలాగే సాగుతాయి. దొన్న ఒక్కటే మొదటి అక్షరం పైన ఉండి వెంటనే దిగుతుంది. కో/సో/ఆ ఒకలా, దో ఒకలా పలకడమూ ఇలాగే. అన్న అనేటప్పుడు మన ఇంటి అన్నయ్యను పిలిచినట్టు సాగదీయకండి, చివర పొట్టి "అ"యే.

కృష్ణాతీరం

అందరికీ ధన్యవాదాలండీ. ఒక వాక్యం చూడండి. టీచర్ ఇప్పుడే ఒక రకం పుస్తకాల గురించి చెప్పారు, నేను అవి చదవలేదు. "అన్న హొన్ ఒ యొమితై దెస్" (అలాంటి పుస్తకాలు చదవాలనుంది) అనవచ్చా?

వైజాగ్_నిహోంగో

వద్దు. మీకు తెలియదు, టీచర్ ఇప్పుడే చెప్పారు, కాబట్టి సొ. టీచర్‌తో మాట కాబట్టి సొన్న కూడా వద్దు. "సోయూ హొన్ ఒ యొమితై దెస్" అనండి. మీరిద్దరూ ఇంతకుముందే చదివిన పుస్తకమైతే "ఆయూ హొన్ ఒ మొత్తొ యొమితై దెస్" (అలాంటివి ఇంకా చదవాలనుంది).