మక్క ఆకుల మీద పొడుగు మచ్చలు: తెగులా, జింక్ లోపమా?

జగిత్యాల_మక్క:
అందరికీ నమస్తే. యాసంగి మక్క వేశాను, వారం పది రోజుల్లో జల్లు (మొక్క కొసన వచ్చే మగ పూత) వచ్చేలా ఉంది. కింది మూడు నాలుగు ఆకుల మీద బూడిద రంగు పొడుగు మచ్చలు పడ్డాయి, కొన్నైతే వేలెడు పొడుగున్నాయి. పొద్దున మంచు బాగా కురుస్తోంది. మందుల షాపులో ఫొటో చూపిస్తే జింక్, ఒక తెగులు మందు, ఒక పురుగు మందు, మూడూ కలిపి కొట్టమన్నారు. ఏది దేనికో అడిగితే సరిగ్గా చెప్పలేదు. పక్క చేను వాళ్లేమో యూరియా ఎక్కువై మాడిందంటున్నారు. అసలు రోగం ఏంటో తెలియకుండా డబ్బులు పోయడం నాకు ఇష్టం లేదు. గుర్తుపట్టడం తెలిసిన వాళ్లు కాస్త చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

చేలగట్టు:
తమ్మీ, మందు సంగతి తర్వాత, ముందు ఆకు తెంపి వెలుతురుకు పట్టి చూడు. జింక్ లోపం లేత ఆకుల్లో కనిపిస్తుంది, ఆకు మొదలు వైపు నడిమి ఈనెకు రెండు పక్కలా తెల్లటి వెడల్పు చారలు వస్తాయి, అదీ ఎక్కువగా పైరు చిన్నగా ఉన్నప్పుడే. పొటాష్ తక్కువైతే కింది ఆకులే, కానీ కొస నుంచి అంచుల వెంట మాడుతూ వస్తుంది. నత్రజని తక్కువైతే కొసలో మొదలై నడిమి ఈనె వెంట పసుపు లోపలికి దిగుతుంది. పోషకాల లోపం ఏదైనా ఆకుకు రెండు పక్కలా ఒకే తీరుగా ఉంటుంది. తెగులు అలా కాదు, ఆకు మీద ఎక్కడపడితే అక్కడ విడివిడి మచ్చలు, ఒక మొక్కకు ఎక్కువ, పక్కదానికి తక్కువ.

నువ్వు చెప్పినదాన్ని బట్టి టర్సికం ఆకుమాడు తెగులే అనిపిస్తోంది. దాని మచ్చ పడవలా ఉంటుంది, నడుమ వెడల్పు, రెండు కొసలూ సన్నం. మొదట నీళ్లలో నానినట్టు బూడిద కలిసిన ఆకుపచ్చ, తర్వాత ఎండుగడ్డి రంగు. ఒక్కోటి 15 సెంటీమీటర్ల దాకా సాగుతుంది, ఈనెలు దానికి అడ్డు కాదు. మేడిస్ ఆకుమాడు తెగులని ఇంకోటుంది, దాని మచ్చలు చిన్నవి, రెండు మూడు సెంటీమీటర్లు, ఈనెల మధ్య ఇరుక్కుని పక్కలు తిన్నగా ఉంటాయి. అది వెచ్చటి తడి వాతావరణంలో వస్తుంది, టర్సికానికి చల్లదనం, మంచు కావాలి. (1970లో అమెరికాలో మక్కను దెబ్బతీసింది ఆ మేడిస్ తెగులే, దేశమంతా దాదాపు ఒకే రకం మగ వంధ్యత్వం (పనికొచ్చే పుప్పొడి రాని గుణం) ఉన్న హైబ్రిడ్లు వేయడంతో అది తేలిగ్గా అంటుకుంది. అందుకే చేనులన్నీ ఒకే విత్తనంతో నింపొద్దంటాను.)

అనుమానం తీరాలంటే మచ్చ ఉన్న ఆకు ముక్కను తడి కాగితంతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి ఒక రాత్రి ఇంట్లో ఉంచు. టర్సికం అయితే పొద్దుటికి మచ్చ మీద నల్లటి నూగు లేచే అవకాశం ఎక్కువ. పోషకాల లోపమైతే అలా లేవదు.

నిజాంసాగర్_ఆయకట్టు:
వేలితో ఆకును రుద్ది కూడా చూడన్నా. ఇటుక పొడి లాంటిది అంటితే తుప్పు తెగులు. మామూలు తుప్పు పొక్కులు ఆకుకు రెండు వైపులా ఉంటాయి, గోధుమ రంగు. పాలిసోరా తుప్పు నారింజ రంగులో చిన్న గుండ్రటి పొక్కులు, ఎక్కువగా పైవైపునే, దగ్గర దగ్గరగా.

తెనాలి_మాగాణి:
మా వైపు వరి కోశాక దున్నకుండానే మొక్కజొన్న వేస్తామండి, ఇక్కడ బెడద పాముపొడ తెగులు. వరిలో పాముపొడ తెచ్చే రైజోక్టోనియా అనే శిలీంధ్రమే దీనిక్కూడా వస్తుంది, కాబట్టి వరిలో ఆ తెగులు కనిపించిన మడిలో మొక్కజొన్న వేస్తే మొదటి నుంచీ కన్నేసి ఉంచాలి. నేలకు దగ్గరున్న ఆకు తొడుగు మీద అడ్డంగా పట్టీలు పట్టీలుగా మచ్చలు, ఒక పట్టీ గోధుమ, ఒక పట్టీ పాలిపోయి, అలా పైకెక్కి పొత్తు దాకా పోతుంది. మీ మచ్చలు ఆకు మీద నిలువునా ఉన్నాయంటే అది కాదు. ఉంటే మాత్రం కింది రెండు మూడు ఆకులు తొడుగుతో సహా తీసి చేను బయట కాల్చేయండి, చాలా వరకు ఆగుతుంది.

జగిత్యాల_మక్క:
చేలగట్టు అన్నా, కవర్లో పెట్టి చూశాను, నువ్వు చెప్పినట్టే మచ్చ నడుమ నల్లటి నూగు లేచింది, అంచుల్లో లేదు. వేలికి పొడి అంటలేదు. ఇప్పుడు కొట్టాలా, ఆగాలా?

చేలగట్టు:
జల్లు రాకముందే కనిపించింది, మంచు ఇంకా ఉంది, కాబట్టి కొట్టు. గింజ గట్టిపడే దశలో కింది ఆకులకు మాత్రమే వచ్చి ఉంటే వద్దనేవాణ్ణి. పొత్తు దగ్గరి ఆకు, దాని పైవి బాగుంటేనే గింజ నిండుతుంది, మనం కాపాడాల్సింది వాటిని. లీటరు నీటికి మాంకోజెబ్ రెండున్నర గ్రాములు, ఆకు రెండు వైపులా తడిచేలా. అది ముందుగా కాపు కాసే మందు, పడిన మచ్చను మాన్పదు. మచ్చలు పైకి ఎక్కుతున్నట్టుంటే లీటరుకు ఒక మిల్లీలీటరు ప్రోపికోనజోల్. పురుగు మందు కలపకు, సుడిలో (మొక్క కొసన లేత ఆకుల నడుమ) కత్తెర పురుగు ఉందేమో చూసి, ఉంటేనే దాని మందు వేరేగా. కోత అయ్యాక చొప్పను చేనులో వదలకు, తెగులు అందులోనే బతికి ఉంటుంది. వచ్చే పంట పెసరో వేరుశనగో వేస్తే మంచిది. ఇంకా అనుమానముంటే ఆకు పట్టుకుని దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లు, లేదా 1800-180-1551కి ఫోన్ చెయ్, కిసాన్ కాల్ సెంటర్, తెలుగులోనే మాట్లాడతారు.